ఆయిలైపోయిన అబ్బాయి కోసం ప్రార్థన

మా అమ్మకి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, పక్కన ఏముందో తెలియాలి. పక్క సీట్లో ఆవిడ సంచిలో ఏముందో, పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో, పక్క వీధిలో కడుతున్న కొత్త గోడ వెనకాల ఏం లేవబోతోందో తెలిసేదాకా ఆవిడకి అన్నం సయించదు. నర్సీపట్నంలో బస్సెక్కి యలమంచిలిలో దిగేలోగా ముందు వరసల వాళ్ల చుట్టరికాలు, వెనక వరసల వాళ్ల రోగాలు అన్నీ ఆవిడ దగ్గర జమైపోయేవి. మా నాన్న బస్సు కండక్టరు. ఖర్మకాలి ఆ బస్సు ఆయనదే అయితే, ఈవిడెవరో తనకి తెలియనట్టు మొహం పెట్టుకుని ముందుకెళ్లి డ్రైవరు వెనక నిలబడిపోయేవాడు.

నాకా జబ్బు రాలేదు. నాకొచ్చింది మా నాయనమ్మ కోపం. పదో తరగతి లెక్కల పరీక్ష సరిగ్గా రాయలేదని బయటికొచ్చి పెన్ను విరిచేశాను. తీరా చూస్తే అది నా పెన్ను కాదు, పక్కమ్మాయిది. నేను ఏదైనా మొదలెడితే గెలవాలి, గెలవకపోతే ఎవరో ఒకరు నా నోట పడాలి. ఇలాంటి మనుషులిద్దరు ఒకే ఇంట్లో ఒకే కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ముందుగదిలోకి కంప్యూటర్ వచ్చింది. డిగ్రీ అయిపోయి, ఇంట్లో ఊరికే కూర్చుని అందరి మీదా విరుచుకుపడుతున్నానని, డీటీపీ నేర్చుకోమన్నాడు నాన్న. నేర్చుకున్నాను. పెళ్లి కార్డులు, సంస్మరణ కూటాల కరపత్రాలు, చిన్న స్కూళ్ల ప్రశ్నపత్రాలు టైపు చేసేదాన్ని. మానిటర్‌కి దుమ్ము పట్టకుండా అమ్మ తెల్లదారంతో ఒక గుడ్డ అల్లి కప్పింది. టీవీకొకటి, టేబుల్ ఫ్యానుకొకటి అప్పటికే ఉన్నాయి. మా ఇంట్లో కరెంటుతో నడిచే ప్రతిదానికీ ఒక ముసుగుండేది.

విశాఖపట్నంలో దాన్ని బిగించి ఇచ్చినాయన తెలుగు ఫాంట్లతో పాటు, మేం అడక్కుండానే, ఒక ఆట కూడా వేసి పంపాడు. పనిలేని ఒక మధ్యాహ్నం తెరిచాను. నల్లటి ఆకాశం, ఎటు చూసినా చుక్కలు, మధ్యలో ఒక చిన్న అంతరిక్ష నౌక. కింద మూల చిన్న పెట్టెలో దాన్ని నడిపేవాడి మొహం. హెల్మెట్ పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా, అప్పుడప్పుడు కళ్లు ఆర్పుతూ ఉండేవాడు. అంతే. శత్రువులు లేరు. కాల్చడానికి తుపాకీ లేదు. మార్కుల్లేవు, గెలుపు లేదు. ఏ చుక్క మీద నొక్కితే ఆ చుక్క దగ్గరికి వెళ్తుంది. అక్కడ గ్రహాలేమైనా ఉంటే చూపిస్తుంది, కావాలంటే దిగొచ్చు, దానికో పేరు పెట్టొచ్చు. ఎందుకు వెళ్లాలో మాత్రం ఎవడూ చెప్పడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అరగంట తిరిగాను. గెలవడానికి లేని ఆటని కనిపెట్టినవాడు ఎవడో గాని, వాడికి బోలెడంత తీరిక ఉండుంటుంది. మూసేయబోతుంటే, వెనకాల చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్న అమ్మ మెడ చాపి చూసింది.

"ఆ పక్క సుక్క దగ్గరేటుంది?"

ఏముంటుంది, ఇంకో చుక్క ఉంటుంది అన్నాను.

"ఉంటే ఉంటాది. సూసి సెప్పు."

చూశాను. ఎర్రగా, దుమ్ముగా ఒక గ్రహం. చెట్టూ చేమా లేదు. అమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. ఎండాకాలం యలమంచిలి స్టేషన్లో పాసింజరు రైలు కోసం కూర్చుంటే అచ్చం ఇలాగే ఉంటుందని తేల్చి, ఆ గ్రహానికి యలమంచిలి అని పేరు పెట్టమంది. పెట్టాను. ఆ రోజు చిక్కుడుకాయ కూర సాయంత్రం అయిదింటికి అయింది. నాన్న మధ్యాహ్నం ఆవకాయతో తిని డ్యూటీకి పోయాడు.

అక్కణ్ణుంచి మొదలైంది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, ముసుగు తీసి, అమ్మ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. మౌసు మాత్రం ముట్టుకునేది కాదు. దాన్ని పట్టుకుంటే ఏదైనా పాడవుతుందని భయం. కాబట్టి ఆవిడ వేలు చూపించడం, నేను నొక్కడం. నీళ్లతో నిండిన గ్రహం దొరికితే, తాండవ రిజర్వాయరు పక్కనున్న ఊరని దానికి నాతవరం అని పెట్టించింది. ఒకదానికొకటి ఎదురెదురుగా తిరిగే జంట గ్రహాలు కనిపిస్తే, ఏటికి అటూ ఇటూ ఉన్న తునీ పాయకరావుపేటా అంది. ఆ ఆటలో పేరుకి కొన్ని అక్షరాలకి మించి పట్టవు. పాయకరావుపేట తోక తెగి పాయకరావు అయింది. ఒకరోజు నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ఈ పాయకరావు ఎవరని అడిగాడు. అమ్మ చాలా సహనంగా అది మనిషి కాదనీ, అక్కడ గాలి లేదనీ చెప్పింది.

నేను మొత్తుకున్నాను. పెళ్లి కార్డు ఇవ్వాల్సినవాళ్లు గుమ్మంలో నిలబడి ఉంటే, ఈవిడ వాళ్లని కూడా కూర్చోబెట్టి నాతవరం చూపించేది. ఒకాయన చూడ్డంలో పడి పెళ్లికొడుకు తాత పేరు చెప్పడం మర్చిపోయాడు. ఆ కార్డులు తాత లేకుండానే అచ్చయ్యాయి. ఆ తాతకి నా మీదున్న కోపం ముందు నా కోపం ఏపాటిది.

నిజం చెప్పాలంటే నాకు తిక్క రేగేది ఆట వల్ల కాదు. అమ్మ ఆడే పద్ధతి వల్ల. ఆ నౌకకి ఒక టాంకు ఉంటుంది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి ఎగిరినప్పుడల్లా అందులో ఆయిలు తగ్గుతుంది. కొన్ని చుక్కల దగ్గరికి వెళ్తే దానంతటదే నిండుతుంది, కొన్నిటి దగ్గర నిండదు. ఏది నింపుతుందో ఏది నింపదో వెళ్తేగాని తెలియదు. బుద్ధున్నవాళ్లు సగం టాంకు ఉండగానే వెనక్కి తిరుగుతారు. మా అమ్మ సంత నుంచి వెనక్కి తిరిగినట్టే తిరిగేది, అంటే తిరిగేది కాదు. ఆ చివరొక్కటి చూసేసి వచ్చేద్దాం అనేది. ఆ చివరదాని దగ్గరికెళ్తే దాని పక్కన ఇంకొకటి కనబడేది.

అలా ఒక శుక్రవారం ఒక మసక ఎర్ర చుక్క దగ్గర ఆగిపోయాం. దాని చుట్టూ గ్రహాల్లేవు, రాయి లేదు, రప్ప లేదు. టాంకు నిండలేదు. ముల్లు అడుక్కి వచ్చేసింది. ఇంకొక్క ఎగురుకి సరిపడా ఆయిలుంది. ఇల్లు, అంటే మేం బయల్దేరిన నీలి గ్రహం, ఎక్కడో వెనకపడిపోయింది. ఆ ఒక్క ఎగురుతో అందేవి మూడే చుక్కలు. రెండు పసుపువి దగ్గరగా ఉన్నాయి. ఒకటి నీలంది, అంచున, కనీకనబడకుండా ఉంది. మూడిటి దగ్గరకీ మేం ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లిన చోట టాంకు నిండితే బతుకుతాం, నిండకపోతే అక్కడే ఉండిపోతాం.

నాన్నకి విషయం చెబితే ఆయన నిజంగానే కోప్పడ్డాడు. తిరుగు ట్రిప్పుకి ఆయిలు చూసుకోకుండా ఏ డిపో వాడు బండి బయటికి వదిలాడని అడిగాడు.

నేను తేలిగ్గా తీసుకుని, సరే మళ్లీ మొదట్నుంచి ఆడదాం అన్నాను. ఆ ఆటలో ఒక చిక్కుంది. ఎక్కడ ఆపితే అక్కడే గుర్తుంటుంది, పాత చోటికి వెనక్కి వెళ్లడం కుదరదు. కొత్తగా మొదలెడితే పాతది మొత్తం చెరిగిపోతుంది. అది చెప్పాను. అమ్మ తెర మూలనున్న ఆ హెల్మెట్ మొహాన్ని చూసింది. వాడు కళ్లార్పాడు.

"మరి ఈడో?" అంది.

వీడేంటమ్మా, బొమ్మ అన్నాను.

"నానే కదే పంపించాను, పక్కదేటో సూసి రమ్మని. నోరెత్తకుండా ఎల్లాడు. ఇప్పుడాణ్ణక్కడే ఒగ్గీమంటావా?"

నేను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. చిన్నప్పుడు వాళ్ల అమ్మ, పెళ్లయ్యాక అత్తగారు, మా నాన్న, అందరూ ఒకటే మాట అనేవాళ్లు, నీ ఆరాలు ఎప్పుడో ఎవరి కొంపో ముంచుతాయని. ఇన్నేళ్లకి ముంచాయి. ఆవిడ ఆరా వల్ల ఒకడు వెళ్లి ఎక్కడో ఇరుక్కున్నాడు, వాణ్ణి ఇంటికి చేర్చాలి. ఆవిడకి అదొక్కటే పట్టుకుంది. తప్పు చుక్క ఎంచుకుంటే వాడు ఎప్పటికీ రాడు కాబట్టి ఏ చుక్కా ఎంచుకోనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం ముసుగు తీయించి, వాడు ఉన్నాడో లేదో చూసి, మళ్లీ కప్పించేది. అన్నం తినేటప్పుడు కూడా దిగులుగానే ఉండేది.

ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వెళ్లాం. మా గుడిలో ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు ప్రార్థన విన్నపాలు అడుగుతారు. ఎవరికేం కష్టముందో లేచి చెబితే సంఘమంతా వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. పేరు చెప్పక్కర్లేదు. చెప్పడానికి ఇబ్బందైతే ఒక సహోదరి అనో ఒక కుటుంబం అనో అంటారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ సహోదరి ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది, అది వేరే సంగతి.

అమ్మ లేచింది. నా పక్కనుంచే లేచింది. నేను చీర కొంగు పట్టుకుని కిందికి లాగాను. లాభం లేకపోయింది.

"ఒక అబ్బాయండి," అంది. "ఒక్కడే ఉన్నాడు. సాలా దూరం. బండిలో ఆయిలైపోయింది, ఎనక్కి రాలేడు. మాటాడ్డానికి మనిషి లేడు. నా మూలానే ఎల్లాడు."

కూర్చుంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే వచ్చిన తంటా.

అయ్యగారు గొంతు తగ్గించి, ఆ బిడ్డని ప్రభువు జ్ఞాపకం చేసుకోవాలని చాలాసేపు ప్రార్థించారు. ఆడవాళ్ల వైపు ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. గుడి బయట చెప్పులు వేసుకునేలోగానే కథ తయారైపోయింది. నా మూలానే ఎల్లాడు అన్న ముక్క పట్టుకుని, మా ఇంటికి ఏదో పెళ్లి సంబంధం వచ్చిందనీ, అమ్మ కాదనేసిందనీ, ఆ పిల్లాడు మనసు విరిగి ఎటో వెళ్లిపోయాడనీ అనుకున్నారు. బుధవారానికల్లా అది ఇంకొంచెం మారింది. కాదన్నది అమ్మ కాదు, నేను. మామూలుగా కాదనలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం ఆ పిల్లాడు బండేసుకుని ఏజెన్సీ కొండల్లోకి పోయాడు.

కూరగాయల దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, ఆడపిల్లకి కాస్త మెత్తదనం ఉండాలమ్మా అని బుద్ధి చెప్పింది. నేను ఎవర్నీ తిట్టలేదని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు ఊపారు. నేను అరవడం వాళ్లకి సాక్ష్యమైపోయింది.

ఇంటికొచ్చి అమ్మని పట్టుకున్నాను. వెళ్లి ఇది ఆట అని చెప్పమన్నాను. అబద్ధం ఆడితే కదా సరిదిద్దుకోవాలి అంది. పైగా వాడికి ప్రార్థన అవసరమా కాదా అని నన్నే ఎదురడిగింది. ఆవిడతో వాదన పెట్టుకుంటే గోడకి చెప్పుకున్నట్టే.

మా గుడి స్త్రీల సమాజానికి ఒక ప్రెసిడెంటుగారు ఉండేవారు. మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ వార్డులోకి వస్తుంటే రోగులు కూడా దుప్పట్లు సర్దుకుని బుద్ధిగా పడుకునేవాళ్లట. ఆవిడ మా అమ్మ విన్నపాన్ని భుజాన వేసుకున్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. షుగరున్న మనిషి, డాక్టరు వద్దన్నా వినకుండా ఆవిడే ముందు ఉపవాసం ఉన్నారు. తర్వాతి ఆదివారం లేచి, వచ్చే శనివారం సాయంత్రం గృహప్రార్థన మా ఇంట్లో అని ప్రకటించేశారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతాం.

గృహప్రార్థనకి మా వాళ్లలో ఒక పద్ధతుంది. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో వాళ్లు ఊళ్లో లేకపోతే, వాళ్ల ఫోటో ఒకటి మధ్యలో స్టూలు మీద పెడతారు. అందరూ దాని చుట్టూ చాపల మీద కూర్చుంటారు. ఎవరి మొహం తలుచుకోవాలో తెలియాలిగా. శనివారం పొద్దున్నే ప్రెసిడెంటుగారు కబురంపారు, అబ్బాయి ఫోటో సిద్ధంగా ఉంచమని. అమ్మ అలాగేనండి అని కబురు తిరిగి పంపింది.

నేను ఇల్లంతా పచార్లు చేశాను. జ్వరమని చెబుదామన్నాను, చుట్టాలెవరో పోయారని చెబుదామన్నాను. ప్రార్థనకి వస్తున్నవాళ్లతో అబద్ధాలేటని అమ్మ కసిరింది. నాన్నని బతిమాలాను, మీరైనా చెప్పండని. ఎప్పుడూ ఎవరూ కోరుకోని పాయకరావుపేట డ్యూటీని ఆ సాయంత్రం అడిగి మరీ వేయించుకుని, ఆయన నాలుగింటికే టికెట్ల సంచి తగిలించుకుని మాయమైపోయాడు. మగాళ్ల ధైర్యం మీద నాకున్న అభిప్రాయం ఆ రోజు స్థిరపడింది.

సాయంత్రం ఆడవాళ్లంతా వచ్చారు. ముందుగది నిండిపోయి వరండాలో కూడా చాపలు వేశాం. అయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. పాట పాడారు, వాక్యం చదివారు. ఆ తర్వాత ప్రెసిడెంటుగారు మధ్యలోని ఖాళీ స్టూలు వంక చూసి, ఫోటో ఏదమ్మా అన్నారు.

అమ్మ లేచి నా వైపు చూసింది. నేను కదల్లేదు. సరే, కంప్యూటర్ మీట నొక్కడం ఆవిడకీ వచ్చు. ఆ రోజుల నాటి కంప్యూటర్, తాపీగా ఆన్ అయింది. ఆట తెరవడం ఆవిడకి రాదు గనక, నేను తిట్టుకుంటూ లేచి, ముసుగు ఒక అంచు ఎత్తి చూసుకుని తెరిచాను. అమ్మ తెల్ల ముసుగు మొత్తం ఎత్తేసింది.

నల్లటి ఆకాశంలో మసక ఎర్ర చుక్క, దాని పక్కన చిన్న నౌక. మూలలో హెల్మెట్ పెట్టుకున్న మొహం. కళ్లార్పాడు.

"ఈడేనండి," అంది అమ్మ.

అయ్యగారు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. వెనక నుంచి ఒకావిడ, ఈ అబ్బాయిది ఏ ఊరండి అని మెల్లగా అడిగింది.

అమ్మ మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు. యలమంచిలి, నాతవరం, తోక తెగిన పాయకరావు, ఆ చివరొక్కటి, ఆ చివరదాని పక్కది, అన్నీ వరసగా చెప్పింది. సగం అయ్యేసరికి ఇద్దరు ముగ్గురు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయింది. ఇంకొకావిడకి మాత్రం మండిపోయింది. పొయ్యి మీద కూర దించేసి, ఆ కూర చల్లారిపోతే మొగుడు ఏమంటాడో కూడా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చానని, తీరా ఇదా అని అంది. నాకు కూరగాయల దగ్గర బుద్ధి చెప్పినావిడ నా వంక చూసి తల దించుకుంది. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు పండగలా ఉంది.

తర్వాత అందరూ ప్రెసిడెంటుగారి వైపు తిరిగారు. ఆవిడ మొహంలో ఏమీ తెలియడం లేదు. షుగరుతో ఉపవాసం ఉన్న మనిషి. ఆవిడ లేచి వెళ్లిపోతే మా అమ్మ ఇంక ఆ గుడిలో తలెత్తుకోలేదు. నాకు కోపం పోయి భయం పట్టుకుంది. అమ్మ చేతులు కట్టుకుని, స్కూలు పిల్లలా నిలబడి ఉంది. ఆవిడ మీద జాలేసింది.

ప్రెసిడెంటుగారు తెర దగ్గరికి జరిగి కూర్చున్నారు. బండిలో ఇప్పుడు ఆయిలెంతుందని నన్ను అడిగారు. ఒక్క ఎగురుకి సరిపడా ఉందన్నాను. అది ఎన్నాళ్ల నుంచీ అలా ఉందని అడిగారు. రెండు వారాలు దాటిందన్నాను. ఆవిడ అమ్మ వైపు తిరిగారు.

"అంటే మేం ఉపాసాలుండి, మోకాళ్లరిగిపోయేలాగ ప్రార్థన సేస్తంటే, నువ్వు బటన్ నొక్కకుండా కూకున్నావా?"

తప్పు దాంట్లోకి వెళ్తే వాడింక ఎప్పటికీ రాలేడని భయమేసిందండీ అని అమ్మ గొణిగింది.

"ఇక్కడుంటే వొచ్చీసాడేటి?" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆ ముక్కతో గది తిరగబడింది. అందరూ స్టూలు చుట్టూ ఉన్న చాపలు వదిలేసి కంప్యూటర్ దగ్గరికి జరిగారు. అందే చుక్కలు ఏవో చూపించమన్నారు. చూపించాను. పసుపు వాటి దగ్గర ఇదివరకు ఎక్కువసార్లు టాంకు నిండిందని, నీలందాని సంగతి తెలియదని చెప్పాను. అలాంటప్పుడు ఆలోచించేదేముంది, పసుపుదే అన్నారు. ఎడమ వైపుదా కుడి వైపుదా అన్న దాని మీద మాత్రం తగువు వచ్చింది. కూర వదిలేసి వచ్చినావిడ ఎడమ వైపుదని గట్టిగా పట్టుబట్టింది. అయ్యగారిని అడిగితే, ఇలాంటి వాటి గురించి మా పాస్టర్ల సెమినరీలో ఏమీ నేర్పలేదమ్మా అని చేతులెత్తేశారు. చివరికి ఎడమ పసుపుదే ఖాయమైంది. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. నొక్కేది మాత్రం అమ్మే నొక్కాలని ప్రెసిడెంటుగారు చెప్పారు. పంపినవాళ్లే రప్పించుకోవాలట.

అమ్మ మొదటిసారి మౌసు పట్టుకుంది. ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, నేను బాణం గుర్తు తెచ్చి ఎడమ పసుపు చుక్క మీద పెట్టాను. అమ్మ వేలు దించలేదు. అంచున ఉన్న ఆ నీలందాన్ని చూస్తోంది. నాకు అర్థమైపోయింది. ఇన్నేళ్లుగా చూస్తున్న మొహమే కదా. వద్దమ్మా అన్నాను.

ప్రెసిడెంటుగారికీ అర్థమైంది. ఇంకా బుద్ధి రాలేదా నీకు అన్నారు.

"రాలేదండి," అంది అమ్మ. కళ్లలో నీళ్లున్నాయి. "ఈడు ఇంటికొచ్చి ఏటి సెప్తాడండి? అన్నీ సూసాను, అదొక్కటీ తప్ప అంటాడు."

పసుపుదాంట్లో అయితే వాడికి ఇంటిదారి దొరకొచ్చు. నీలందాంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. ప్రెసిడెంటుగారు అయ్యగారి వైపు చూశారు, అయ్యగారు కిటికీలోంచి బయటికి చూశారు. చివరికి ప్రెసిడెంటుగారే గట్టిగా ఊపిరి వదిలి, బాణం గుర్తుని అటు జరపమని నాకు చేత్తో సైగ చేశారు. జరిపాను. అమ్మ కళ్లు మూసుకుని నొక్కింది.

తెర ఒకసారి తెల్లబడి, తర్వాత నీలంగా వెలిగింది. ఎంత వెలిగిందంటే ముందుగదంతా నీలమైంది, అందరి తెల్లచీరలూ నీలమయ్యాయి. పెద్ద గ్రహం ఒకటి, దాని చుట్టూ వెడల్పాటి వలయాలు, ఆ వలయాల్లోంచి ఒకదాని వెనక ఒకటి చందమామలు వస్తున్నాయి. అన్నాళ్లు ఆడినా అలాంటిది మేం ఒక్కసారీ చూడలేదు. నేను మాత్రం టాంకు ముల్లునే చూస్తున్నాను. అది కదల్లేదు. కాసేపు ఆగి మళ్లీ చూశాను. అమ్మా, నిండలేదమ్మా అన్నాను. ఎవరూ నా మాట వినిపించుకోలేదు. అందరూ మెడలు చాపి ముందుకి వంగారు. కూర వదిలేసి వచ్చినావిడ పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, ఆ వెనకాలొచ్చే చిన్న చందమామని చూడమంటోంది. ప్రెసిడెంటుగారు ఫోటో కోసం పెట్టిన స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. ముగింపు ప్రార్థన అయ్యగారికే గుర్తు రావాల్సి వచ్చింది, అదీ టీలు చల్లారిపోయాక.

అందరూ వెళ్లాక అమ్మకి మళ్లీ చెప్పాను, టాంకు నిండలేదని, వాడింక రాడని. నాకు తెలుసే, అందరికంటే ముందు ముల్లే చూశాను అంది. అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు ఆదివారం. మా గుడిలో విన్నపం పెట్టినవాళ్లు ఏదో ఒకరోజు లేచి సాక్ష్యం చెప్పాలి, ప్రార్థన ఫలితం ఏమైందో. మా ఇంటికి వచ్చినవాళ్లకి సంగతి తెలుసుగాని, మగాళ్ల వైపు ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరూ వాళ్లకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే, మా ఆడవాళ్ల నోళ్లు అంత సేపు మూతబడ్డం నేను అంతకు ముందు చూడలేదు. అయ్యగారు సాక్ష్యాలు ఉన్నాయా అని అడిగి, మా బెంచీ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు. అమ్మ లేచింది. ఈసారి నేను కొంగు లాగలేదు.

"ఆ అబ్బాయి సేరాడండి," అంది. అబద్ధం రాదు కదా ఆవిడకి. "ఇంటికి కాదు. కానీ సేరాడు."

ముందు బెంచీలోంచి ప్రెసిడెంటుగారు గట్టిగా, కరుగ్గా, స్తోత్రం అన్నారు. ఆ వెనక ఆడవాళ్లంతా అన్నారు. ఏమీ తెలియని మగాళ్లు కూడా అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కడ సూడ్డానికి సాలా ఉన్నాయిలే," అంది. "పొద్దుపోద్ది ఆడికి."